మెడ నొప్పికి సూదులు గుచ్చుతామంటున్నారు.. చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. సిరిపురంలో ఆఫీసు, రోజంతా కంప్యూటర్ ముందే పని. ఆరు నెలలుగా మెడకీ కుడి భుజానికీ మధ్య కండరం రాయిలా బిగుసుకుపోయి, నొప్పి తల వెనక్కి పాకుతోంది. మాత్రలు వేసుకున్నంతసేపే ఉపశమనం. ఫిజియోథెరపిస్ట్ డ్రై నీడ్లింగ్ చేద్దామంటున్నారు. సూదులంటే భయం. నరాలేమైనా దెబ్బతింటాయా? నాకు షుగర్ కూడా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పిన చోట ఉండేది ట్రెపీజియస్ కండరం. అందులో గట్టిపడిన ముడులను ట్రిగర్ పాయింట్లు అంటారు. వేలితో నొక్కితే నొప్పి అక్కడితో ఆగకుండా తల వెనక్కి, కణతల దాకా వెళ్తుంది. డ్రై నీడ్లింగ్‌లో ఆ ముడిలోకి సన్నటి సూది దింపుతారు. మందేమీ ఎక్కించరు. ఇంజెక్షన్ సూది కంటే చాలా సన్నం కాబట్టి గుచ్చినట్టు పెద్దగా తెలియదు. ముడికి తగిలినప్పుడు మాత్రం కండరం టక్కున ఎగిరిపడుతుంది. అప్పుడే చాలామంది ఉలిక్కిపడతారు, కంగారు పడక్కర్లేదు. తర్వాత ఒకట్రెండు రోజులు సలుపు, కాస్త కమిలినట్టు ఉండడం మామూలే.

నరం దెబ్బతినడం అరుదు. కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే వెంటనే చెప్పండి, సూది వెనక్కి తీసేస్తారు. నేను జాగ్రత్త పడమనేది ఊపిరితిత్తి గురించి. దాని పైకొన మీ కండరానికి దగ్గర్లోనే ఉంటుంది. సూది మరీ లోతుకు పోతే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. అరుదే, కానీ ప్రమాదం. అందుకే ఇందులో ప్రత్యేక శిక్షణ పొందారా అని మొహమాటం లేకుండా అడగండి. చేయించుకున్నాక ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఇంటికెళ్లి పడుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

కొత్త సూది సీలు మీ ముందే చింపాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి. షుగర్ అదుపులో ఉంటే అడ్డేమీ లేదు. బాగా ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ భయం కాబట్టి ముందు దాన్ని దారికి తెచ్చుకోండి.

దీనితో తొలి కొన్ని వారాలు నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలున్నాయి. నెలల తరబడి నిలుస్తుందనడానికి అంత గట్టివి లేవు. నొప్పి తగ్గిన ఆ రోజుల్లోనే భుజం వ్యాయామాలు మొదలుపెట్టాలి. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడడం, బరువు బ్యాగు ఎప్పుడూ కుడి భుజానికే తగిలించుకోవడం మానకపోతే ముడి మళ్లీ అక్కడికే వస్తుంది. రెండు మూడు సిట్టింగులకే తేడా తెలియాలి. ముందే పది సిట్టింగుల ప్యాకేజీ కట్టమంటే నేనైతే ఒప్పుకోను.

ఒక్కటి చూసుకోండి. చెయ్యి వెనక్కి పెట్టి జాకెట్టు హుక్కు పెట్టుకోవడం, జడ వేసుకోవడం కష్టమవుతోందా? షుగర్ ఉన్నవాళ్లలో భుజం కీలు పట్టేయడం ఎక్కువ. అదైతే చికిత్స వేరు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గుతున్నా మెడ నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. వీటిలో ఏది ఉన్నా సూదుల కంటే ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి.