బేస్ పట్టుకున్న అల్లుడికి

ఒరే అల్లుడూ,

ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. నువ్వేమో ఫోన్ చేసి "ఏ బేస్ గిటార్ కొనమంటావు మావయ్యా?" అని ఒక్క ప్రశ్న అడిగి పెట్టేశావు. దానికి జవాబు రెండు నిమిషాల పని. నువ్వు అడగనివే చాలా ఉన్నాయి. ఇన్నేళ్లు ఈ నాలుగు తీగల మీదే బతికినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు.

కొనే సంగతి ముందు తేల్చేద్దాం. నీ దగ్గరున్న బేస్ శ్రుతి నిలుపుకుంటుంటే, తీగలు ఫ్రెట్లకు (మెడ మీది లోహపు గీతలకు) తగిలి గరగరమనకపోతే ఇంకోటి కొనకు. కొత్త తీగలు వేయించు, పని తెలిసినవాడి చేత సెటప్ (తీగల ఎత్తు, మెడ సరిచేయడం) చేయించు. మిగిలిన డబ్బుతో మంచి డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని నేరుగా హాలు సౌండ్ సిస్టమ్‌కి పంపే చిన్న పెట్టె), వెడల్పాటి స్ట్రాప్, ఇయర్ ప్లగ్స్ కొనుక్కో. ఈ సంగీతంలో ఎక్కడ చూసినా కనిపించే ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది, ఫెండర్ జాజ్ బేస్ 1960లో వచ్చింది. ఆ పాత డిజైన్లతోనే లోకం ఇప్పటికీ నడుస్తోంది. 34 అంగుళాల స్కేల్‌కి (తీగ మోగే పొడవుకి) వేళ్లు సాగక నొప్పి పుడుతుంటే 30 అంగుళాల షార్ట్ స్కేల్ తీసుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. కిమ్ డీల్ 1986లో బోస్టన్‌లో పిక్సీస్ బ్యాండ్ వాళ్ల ప్రకటన చూసి వెళ్లేనాటికి ఆవిడ దగ్గర బేసే లేదు. అంతకుముందు అది వాయించి కూడా ఎరగదు. తన కవల సోదరి బేస్ అరువు తీసుకుని చేరింది. మార్ఫిన్ బ్యాండ్‌లో మార్క్ శాండ్‌మన్ అయితే రెండే రెండు తీగలు బిగించి, వేలికి స్లైడ్ తొడుక్కుని మొత్తం బ్యాండ్‌ని మోశాడు. కాబట్టి షాపుల వెబ్‌సైట్లు చూడటం ఆపి రిహార్సల్‌కి వెళ్లు.

అక్కడికి వెళ్లాక డ్రమ్మర్‌కి హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) ఉన్న వైపు నిలబడు. కిక్ డ్రమ్ తొక్కే కాలు నీకు కనిపించాలి. మొదటి కొన్ని వారాలు నువ్వు చూడాల్సింది ఆ కాలినే, సింగర్‌ని కాదు. కిక్ పడే చోటల్లా నువ్వూ వాయించాలని లేదు. వాయించినప్పుడు మాత్రం ఇద్దరి దెబ్బా ఒక్కటై వినబడాలి. డ్రమ్మర్‌తో విడిగా, గిటార్లు లేకుండా, ఇద్దరే కూర్చుని సాధన చేయండి. చాలా బ్యాండ్లు ఈ పని చేయవు, అందుకే చాలా బ్యాండ్లు వదులువదులుగా వినబడతాయి.

స్వరం ఎక్కడ మొదలుపెట్టాలో అందరూ నేర్చుకుంటారు. ఎక్కడ ఆపాలో పట్టించుకునేవాళ్లు తక్కువ. స్నేర్ (టప్‌మని మోగే చిన్న డ్రమ్) పడే క్షణానికి నీ స్వరం ఆగిపోతే పాట నడక బిగుస్తుంది. స్నేర్ మీదుగా సాగనిస్తే అదే పాట బరువెక్కుతుంది. ఎడమచేతి వేళ్లు కొంచెం పైకి లేపి తీగ మోత ఆపేయడం, కుడి అరచేతి అంచుతో తీగను అదమడం, ఈ రెండూ చేతికి రావాలి. మెట్రోనోమ్‌ని (లయ కొట్టే యంత్రాన్ని) నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని ఒకే స్వరాన్ని రకరకాల పొడవుల్లో వాయించి చూడు. విసుగొస్తుంది, నాకు తెలుసు. విసుగొచ్చిన తర్వాత కూడా ఇంకాసేపు వాయించు.

పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) వాయించాలా, వేళ్లతోనా అని వాదించేవాళ్లు ఎదురవుతారు. ఆ వాదనలో దూరకు. మా తరంలో ఈ సంగీతం వాయించినవాళ్లలో పిక్ వాడినవాళ్లు బోలెడుమంది. గిటార్లు ఫజ్‌తో (ధ్వనిని గరుకుగా చేసే ఎఫెక్ట్‌తో) హోరెత్తిస్తుంటే పిక్ దెబ్బే స్పష్టంగా వినబడుతుంది. రెండూ నేర్చుకో, పాటకు ఏది నప్పితే అది వాడు.

నీ చేతిలో ఉన్న అసలు అధికారం ఎక్కడుందో చెబుతాను విను. గిటార్ సి మేజర్ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) మోగిస్తోందనుకో. కింద నువ్వు సి వాయిస్తే అది సి మేజరే. నువ్వు 'ఏ' (A) స్వరం వాయించావా, వినేవాడి చెవికి అది 'ఏ' మైనర్ సెవెంత్ అయిపోతుంది, సంతోషంగా ఉన్న పాట మీద చిన్న నీడ పడుతుంది. గిటార్ వాయించేవాడు వేలు కూడా కదపలేదు, అయినా అతని కార్డ్ పేరు నువ్వు మార్చేశావు. అందుకని కాస్త థియరీ నేర్చుకో. "రాక్‌కి థియరీ ఎందుకు" అనేవాళ్ల మాట వినకు. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ఫ్లీ అప్పటికే ప్రపంచమంతా తెలిసిన బేస్ ప్లేయర్. అలాంటివాడు 2008లో యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియాలో విద్యార్థిగా చేరి థియరీ చదువుకున్నాడు. అంతకంటే నాకు నచ్చేది ఇంకోటుంది. స్లాప్‌తో (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతితో) పేరు తెచ్చుకున్న మనిషి, 1991 నాటి ఆల్బమ్‌కి వచ్చేసరికి కావాలనే దాన్ని బాగా తగ్గించి, సాదాగా వాయించాడు. చేతనైంది వాయించకుండా ఉండటానికి చాలా నిబ్బరం కావాలి.

ఇంట్లో ఒక్కడివే వాయించుకున్నప్పుడు గుండె అదిరేలా మోగే సౌండ్, బ్యాండ్‌తో కలవగానే మాయమైపోతుంది. కంగారుపడి వాల్యూమ్ పెంచకు. అన్నిటికంటే కింది స్వరం పలికే 'ఈ' (E) తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. అంత కింది ధ్వనిని ఫోన్ స్పీకర్లు పలికించలేవు, చిన్న హాళ్లలో అది గోడల మధ్య గుడగుడలాడి పోతుంది. వినేవాడి చెవి పట్టుకునేది 82, 123 హెర్ట్జ్ దగ్గరా, ఆ పైనా ఉండే హార్మోనిక్స్‌ని (అదే తీగలో పుట్టే పై స్వరాలను). అందుకే బేస్ నాబ్ కొంచెం తగ్గించి మిడ్స్ (మధ్య స్థాయి ధ్వనులు) పెంచు. కొంచెం ఓవర్‌డ్రైవ్ (గరుకుదనం) కలుపు, కానీ అది కలపని క్లీన్ సిగ్నల్ కూడా పక్కన ఉండనివ్వు, లేకపోతే అడుగు జారిపోతుంది. ఒక్కడివే వింటే ఆ సౌండ్ మొరటుగా ఉంటుంది. ఉండనీ. సౌండ్ ఇంజినీర్‌తో మర్యాదగా ఉండు. ప్రేక్షకులకు వెళ్లేది చాలాసార్లు నీ డీఐ సిగ్నలే, నువ్వు మోసుకొచ్చిన ఆంప్ కాదు. పీటర్ హుక్ జాయ్ డివిజన్ బ్యాండ్‌లో పై ఫ్రెట్ల మీద వాయించడం మొదలుపెట్టిందే పక్కన గిటార్ ఆంప్ హోరులో కింది స్వరాలు తనకు వినబడక. అదే తర్వాత అతని గుర్తింపు అయింది. నీకూ అలాంటి ఇబ్బంది ఏదో ఎదురవుతుంది, దాన్నుంచి ఏం పుడుతుందో చూడు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం.

మన బేస్ వాళ్లకు మొహమాటం ఎక్కువ. వాయించేటప్పుడు అది మంచిదే, పాటకు చోటిస్తాం. ఆ అలవాటు కాగితాల దగ్గరకూ వచ్చేస్తుంది, అక్కడే కొంప మునుగుతుంది. రిహార్సళ్లలో పాట సగం నీ బేస్ లైన్ చుట్టూనే తయారవుతుంది. రికార్డు బయటికి వచ్చాక చూస్తే రచన కింద ఇద్దరి పేర్లే ఉంటాయి. ఆ తర్వాత నువ్వు కూరలో కరివేపాకువి.

డబ్బు రెండు దారుల్లో వస్తుంది, ఈ రెండిటినీ ఎప్పుడూ కలిపి చూడకు. ఒకటి పాటది: బాణీ, మాటలు కట్టినవాళ్లకు వచ్చేది. ఇంకొకటి రికార్డింగ్‌ది: ఆ పాటను వాయించి రికార్డు చేసినందుకు వచ్చేది. ది స్మిత్స్ బ్యాండ్ కథ చూడు. పాటల రచన గాయకుడు మోరిసీ, గిటారిస్ట్ జానీ మార్ ఇద్దరిదీ, దాని మీద తగువు లేదు. తగువంతా రెండో దారి డబ్బు మీద. ఆ ఇద్దరూ చెరి 40 శాతం తీసుకుని, బేస్ వాయించిన ఆండీ రూర్క్‌కీ డ్రమ్స్ వాయించిన మైక్ జాయిస్‌కీ చెరి 10 శాతం ఇచ్చేవారు. 1987లో బ్యాండ్ విడిపోయింది. డబ్బు అవసరంలో ఉన్న రూర్క్ 1989లో 83 వేల పౌండ్లకు, ఆపైన ఆ 10 శాతానికే ఒప్పుకుని రాజీపడ్డాడు. జాయిస్ మాత్రం కోర్టులో నిలబడ్డాడు. ఇంగ్లండ్‌లో 1890 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఉందని తేలకపోతే లాభాలు సమానం. 1996లో కోర్టు అతనికి 25 శాతం వాటా ఇచ్చింది. ఒకే బ్యాండ్, ఒకే రికార్డులు, బేసూ డ్రమ్సూ పక్కపక్కనే వాయించినవాళ్లు, చివరికి ఒకరి వాటా ఇంకొకరి దానిలో సగం కూడా లేదు. రూర్క్ ఎంత అందంగా వాయించేవాడో ఆ రికార్డులు వింటే నీకే తెలుస్తుంది. 2023లో పోయాడు.

దీనికి ఎదురుగా ఆర్.ఇ.ఎమ్. బ్యాండ్‌ని చూడు. ఆ నలుగురూ ఎవరు ఏ పాట ఎక్కువ రాశారన్న లెక్క పెట్టుకోకుండా రచనలో నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు. బేస్ వాయించిన మైక్ మిల్స్ పియానో వాయించేవాడు, వెనక గొంతు కలిపేవాడు, బాణీలు కట్టేవాడు. ఎవరి వాటా ఎంతన్న లెక్క లేకపోతే రిహార్సల్ గదిలో ఎవరి ఐడియా గెలిచిందన్న పంతాలు కూడా తగ్గుతాయని నా నమ్మకం. 1980లో మొదలైన బ్యాండ్ 2011లో గొడవ లేకుండా ముగించారంటే ఆ పద్ధతికీ అందులో కొంత వాటా ఉండే ఉంటుంది.

మీ బ్యాండ్‌లో ఎలా పంచుకోవాలో నేను చెప్పను. అందరికీ సమానం కావచ్చు, ఒక్కో పాటకు ఒక్కో లెక్క కావచ్చు. ఏదైనా సరే, ఇప్పుడే మాట్లాడుకోండి. పంచుకోవడానికి ఏమీ లేనప్పుడు ఈ మాట నవ్వుతూ అయిపోతుంది. ఒకటే పేజీ చాలు: పాట పేరు, తేదీ, ఎవరికెంత శాతం, అందరి సంతకాలు. బ్యాండ్ పేరు ఎవరిది, ఎవరైనా మానేస్తే ఏమిటి, వ్యాన్ ఎవరి పేరు మీద ఉంది అనేవి కూడా రాసుకోండి. "ఫ్రెండ్స్ మధ్య ఇవన్నీ ఎందుకు" అని ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు. ఫ్రెండ్స్‌గానే ఉండటానికి అని చెప్పు. రికార్డ్ కంపెనీ ఏదైనా కాగితం ఇస్తే ఇలాంటి ఒప్పందాలు చూసే లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకు. వాళ్లిచ్చే అడ్వాన్స్ బహుమతి కాదు, మీ రాయల్టీల్లోంచి తిరిగి రాబట్టుకునే డబ్బు.

చెవుల సంగతి మీ అమ్మ చెప్పినట్టే కటువుగా చెబుతాను. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. నువ్వు నిలబడేదేమో డ్రమ్మర్ సింబల్స్ పక్కన. స్పాంజ్ ప్లగ్స్ పెట్టుకుంటే పై స్వరాలన్నీ పోయి విసుగొస్తుంది, అందుకే సంగీతకారుల కోసం చేసినవి కొనుక్కో, అవి అన్నిటినీ సమానంగా తగ్గిస్తాయి. ఒకసారి చెవిలో మోత పట్టుకుంటే చాలామందికి అది మళ్లీ వదలదు. ఇంకో మాట: బేస్‌ని మోకాళ్ల దాకా వేలాడదీస్తే ఫోటోలో బాగుంటుంది కానీ మణికట్టు వంగిపోతుంది. అన్నట్టు, దాన్ని గాల్లోకి విసిరే సరదా ఉంటే మానుకో. 1992లో ఎంటీవీ అవార్డుల వేదిక మీద నిర్వాణా బ్యాండ్ బేస్ ప్లేయర్ క్రిస్ట్ నోవోసెలిక్ పైకి విసిరిన బేస్ తిరిగొచ్చి అతని నుదుటి మీదే పడింది, లోకమంతా చూసింది.

టూర్ల గురించి ఎక్కువ చెప్పను, వెళ్తే నీకే తెలుస్తుంది. అలసిపోయినవాడు వ్యాన్ నడపకూడదు, ఇదొక్కటి మాత్రం బ్యాండ్ నియమంగా పెట్టుకోండి. మినిట్‌మెన్ బ్యాండ్ గిటారిస్ట్ డి. బూన్ 1985 డిసెంబరులో వ్యాన్ ప్రమాదంలోనే పోయాడు, వయసు 27. చిన్ననాటి స్నేహితుణ్ణి పోగొట్టుకున్న బేస్ ప్లేయర్ మైక్ వాట్ సంగీతమే వదిలేద్దామనుకున్నాడు. వాళ్ల అభిమాని ఒకతను పట్టుబట్టి మళ్లీ వాయించేలా చేస్తే ఫైర్‌హోస్ అనే కొత్త బ్యాండ్ పుట్టింది. వాట్ ఆ తర్వాత దశాబ్దాల తరబడి చిన్న హాళ్లలో, తక్కువ ఖర్చుతో, సొంత పద్ధతిలో వాయిస్తూనే ఉన్నాడు. నన్నడిగితే పెద్ద స్టేడియం కథల కంటే అది చూసి నేర్చుకోవాల్సిన కెరీర్.

బ్యాండ్లు విడిపోతాయి, మీదీ ఏదో ఒకరోజు విడిపోవచ్చు. అందుకని ఉద్యోగం ఇప్పుడే వదలకు. వేరేవాళ్లకు వాయించడం, పిల్లలకు నేర్పడం, రికార్డింగ్ పని, ఇవన్నీ ఈ జీవితంలో భాగమే, ఓడిపోయినట్టు కాదు. వాయిస్తూ పాడటం నేర్చుకో. మొదట్లో చేతి లయ, గొంతు లయ ఒకదాన్నొకటి లాగేస్తాయి, నెమ్మదిగా విడివడతాయి. పాడే బేస్ ప్లేయర్‌కి పని దొరకడం తేలిక, సొంత పాటలు కూడా అక్కడినుంచే మొదలవుతాయి. కిమ్ డీల్ పిక్సీస్‌లో ఉండగానే బ్రీడర్స్ అనే సొంత బ్యాండ్ పెట్టుకుంది. సోనిక్ యూత్ బ్యాండ్ 2011లో ఆగిపోయాక, అందులో బేస్ వాయిస్తూ పాడిన కిమ్ గోర్డన్ తన పేరు మీద మొదటి ఆల్బమ్ తెచ్చింది 2019లో, 66 ఏళ్ల వయసులో. నీకింకా బోలెడు టైముంది, టెన్షన్ పడకు.

శాతాల కాగితం నమూనా ఒకటి నా దగ్గరుంది, దీంతోపాటు పంపుతున్నాను. మీకు తగ్గట్టు మార్చుకోండి. వచ్చే రిహార్సల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి పంపు, పూర్తి బ్యాండ్‌ది ఒకటి, నువ్వూ డ్రమ్మరూ మాత్రమే వాయించింది ఇంకొకటి. ఫోన్‌ని డ్రమ్స్ పక్కన పెట్టకు, గదికి అవతలి మూల పెట్టు. లేకపోతే నీ బేస్ నాకు వినబడదు.

ఆశీస్సులతో,
మీ మావయ్య