మీ అమ్మ గది గురించి

చిన్నా,

మీ అమ్మని కూకట్‌పల్లి ఫ్లాట్‌కి తెచ్చేసుకుంటున్నావని అక్కే ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వం, ఒక పక్క గుబులు. ఆయాసం మనిషి కదా.

ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నావట, మంచిదే. సన్న నుసిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదేనా చూసుకో. ఓజోన్ వదిలే రకమైతే తిరిగిచ్చేయ్. పీఎం 2.5 అంకె, అంటే గాలిలో సన్న నుసి లెక్క, 60 లోపే ఉందని సంబరపడకు, రోజు సగటుకి అది మన దేశం పెట్టుకున్న హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 దాటొద్దంది. తాలింపు వేసేటప్పుడు వంటింటి ఫ్యాన్ వేయండి. గది తడిగుడ్డతో తుడిపించు.

మీ అమ్మమ్మ చివర్లో మా రాజమండ్రి ఇంట్లోనే ఉంది. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన మనిషి. ధనుర్మాసం చలి, దోమలు. కిటికీలన్నీ మూసి, సాయంత్రం సాంబ్రాణి వేసి, రాత్రికి మంచం కింద దోమల కాయిల్ వెలిగించేదాన్ని. ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని కూడా. ఆవిడ అర్ధరాత్రి లేచి కిటికీ గడియ తీసేది. చలిగాలికే దగ్గొస్తోంది, ఏమిటీ చాదస్తం అని కేకలేసి, ఒకరోజు గడియకి నవారు ముక్క కట్టేశాను. ముడి విప్పే బలం ఆ వేళ్లకి లేదు. ఆ తర్వాత కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. చలికేమో అనుకున్నాను.

ఇంటికొచ్చిన డాక్టరు గుమ్మంలోనే ఆగి, "ఇక్కడ సిగరెట్ ఎవరు తాగుతారు?" అన్నాడు. ఎవరూ తాగరండీ అన్నాను, కాస్త కోపంగానే. ఆయన వంగి మంచం కిందకి చూశాడు. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్న నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నువ్వూ నాలాగే శ్రద్ధ ఎక్కువైన మనిషివిరా, అదే నా భయం. మీ అమ్మ నోరు తెరిచి చెప్పదు, అచ్చం మా అమ్మే. కిటికీలకి మెష్ వేయించు, మంచానికి దోమతెర కట్టు. అగరొత్తులు బాల్కనీలో తులసి దగ్గరే. రోడ్డు వైపు కిటికీ ట్రాఫిక్ తగ్గాకే తీయండి.

వెనక కిటికీ గడియ బిగుసుకుపోయిందని కిందటిసారి వచ్చినప్పుడు అక్క అంది. ఆవిడ వచ్చేలోపు దానికి నూనె వేయించు. ఒంటి చేత్తో తీసుకోగలగాలి.

పిన్ని