రక్తంలో కొవ్వు: తిండి ఎంత, వంశం ఎంత?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయుణ్ణి. బక్కగా ఉంటాను, మాంసం నెలకు రెండుసార్లే తింటాను. అయినా పరగడుపున చేయించిన పరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 182, ఎల్‌డీఎల్ 96, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 270 వచ్చాయి. మొత్తం 200 లోపే ఉంది కనుక భయం లేదని తోటివారు అంటున్నారు. అమెరికాలో ఉన్న మా అన్న మాత్రం ఇది మన జాతికి పుట్టుకతో వచ్చేదని, ఉమ్మి పరీక్షతో జన్యువులు చూపించుకొమ్మని అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మొత్తం కొలెస్ట్రాల్ ఒక్కటే చూసి ధైర్యం చెప్పడం నేను తరచూ చూస్తున్న పొరపాటు. అందులోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను తీసివేస్తే మీకు 150 మిగులుతుంది. రక్తనాళాలలో పేరుకునే రేణువులన్నీ మోసే కొలెస్ట్రాల్ అదే, అది 130 లోపు ఉండాలి. హెచ్‌డీఎల్ తక్కువగా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న మీ రిపోర్టు మన దేశంలో వింతేమీ కాదు. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో భారత వైద్య పరిశోధన మండలి జరిపించి, 2014లో వెలువరించిన అధ్యయనంలో 72.3 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా, 29.5 శాతం మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండగా, మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు 13.9 శాతమే.

ఇక వంశం సంగతి. కొవ్వును నడిపించే జన్యువులు మనుషులందరికీ ఒకటే. వాటిలోని చిన్న చిన్న మార్పులు ఏ ప్రజలలో ఎంత తరచుగా కనిపిస్తాయన్నదే తేడా. ట్రైగ్లిజరైడ్లను పెంచే ఏపీఓఏ5 జన్యుమార్పు ఒకటి ఐరోపా వారిలో కంటే మనలో ఎక్కువ, తూర్పు ఆసియా వారిలో ఇంకా ఎక్కువ. ఈ తేడాలను పట్టించుకుంటే ఎంత మేలు జరుగుతుందో, చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌ను పెంచే పీసీఎస్‌కే9 జన్యువు చూపించింది: అమెరికాలోని నల్లజాతి వారిలో 2.6 శాతం మందికి ఆ జన్యువు ఒక ప్రతి పనిచేయదని, వారి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా ఉండి, 15 ఏళ్లలో గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తగ్గిందని 2006లో తేలింది. తెల్లవారిని మాత్రమే పరిశీలించి ఉంటే అది అంత స్పష్టంగా కనిపించేది కాదు, ఎందుకంటే ఆ మార్పులు వారిలో చాలా అరుదు. ఆ జన్యువు చేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి.

అలాగని ఉమ్మి పరీక్షకు డబ్బు పెట్టమని నేను చెప్పను. ఆ పరీక్షలు ఇచ్చే ప్రమాదపు లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతి వారి సమాచారంతో కట్టినవి, మనకు అంత బాగా అతకవు. రక్తంలోని కొవ్వును నడిపించే జన్యువులపై 16.5 లక్షల మందితో 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో సైతం ఐరోపా సంతతి కానివారు సుమారు మూడున్నర లక్షల మందే. ఇంకా ఎక్కువ మంది ఐరోపా వారిని చేర్చడం కంటే ఇతర ప్రజలను చేర్చడమే లెక్కలను మెరుగుపరుస్తుందని ఆ పరిశోధకులే చెప్పారు. దానికి బదులు జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్‌-ఎ పరీక్ష చేయించుకోండి. అది ఎల్‌డీఎల్ లాంటిదే, గుండెజబ్బు ముప్పును పెంచే మరో కొవ్వు రేణువు; చాలావరకు జన్యువులను బట్టే ఉంటుంది, ఆఫ్రికా సంతతి వారిలో అత్యధికం, ఆ తరువాత మనలోనే. మీ ట్రైగ్లిజరైడ్లకు మాత్రం జన్యువులు తోడే తప్ప కర్తలు కావు: పూటపూటా తెల్లన్నం, చక్కెర చాయ్, కల్లైనా మరేదైనా మత్తుపానీయం వాటిని పెంచుతాయి. ఒక పూట జొన్న రొట్టెకు, గట్కకు మళ్లి, రోజూ వేగంగా నడిచి, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించుకుని, ఈలోగా షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా ఆయన నా సొంత మేనమామ కొడుకు. మా మామ 47 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఎనిమిదేళ్ల మా పాపకు మోచేతుల మీద, మడమల వెనుక పసుపుపచ్చటి గట్టి బుడిపెలు లేచాయి. ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని ఊళ్లో అన్నారు. దవాఖానలో రక్తం చూస్తే ఎల్‌డీఎల్ 540 ఉంది, మళ్లీ చేయించినా అంతే వచ్చింది. నూనె, గుడ్డు మాన్పించాము. ఇంకేమి చేయాలి?

జవాబు: అమ్మా, ఇది నీళ్ల వల్ల వచ్చింది కాదు. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుందని మీ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు; కానీ అది ఎల్‌డీఎల్‌ను 540కి చేర్చదు, పసుపు బుడిపెలను లేపదు. అవి చర్మంలో, మడమ వెనుక కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులో పేరుకున్న కొలెస్ట్రాల్. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం లోపలికి లాక్కునే గ్రాహకం ఒకటి ఉంది, దానిని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రాహకపు జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినవారు సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరుంటారు, వారికి నడివయసులోనే గుండెపోటు రావచ్చు. రెండూ చెడిన పిల్లలు దాదాపు మూడు లక్షల మందిలో ఒకరే. మీరు రాసిన లక్షణాలు ఆ రెండవ రకానికే సరిపోతున్నాయి.

మీ మామకు, మీ అమ్మకు ఒకే పెద్దల నుంచి ఆ జన్యువు వచ్చి, ఆయన ద్వారా మీ భర్తకు, ఆమె ద్వారా మీకు చేరి, పాపలో రెండూ కలిసి ఉంటాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగిన దక్షిణాఫ్రికా ఆఫ్రికానర్లలో, కెనడాలోని ఫ్రెంచి వారిలో ఈ జబ్బు మామూలు కంటే ఎక్కువ. మన దేశంలోనూ తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వికుల సంతతేనని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం చూపింది. మేనరికం ఆ వలయాన్ని ఇంకా బిగిస్తుంది.

తిండి కట్టడితో 540 దిగదు. ఎదిగే పిల్లను పస్తు పెట్టకండి, ఏది తగ్గించాలో వైద్యులే చెప్తారు. ఆలస్యం చేయకుండా హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లి, గుండె ఎకో, జన్యుపరీక్ష చేయించండి. మందులు ఈ వయసులోనే మొదలుపెట్టాలి. అవి చాలకపోతే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను యంత్రంతో వడగట్టే చికిత్స ఉంది. మీకు మరో బిడ్డ పుడితే ఇలాగే జరిగే అవకాశం నాలుగింట ఒక వంతు, కనుక ముందే జన్యు వైద్యులతో మాట్లాడండి. మీ ఇద్దరి రక్తమూ ఈ వారంలోనే పరీక్ష చేయించుకోండి, ఆ తరువాత మీ అమ్మది, మీ అన్నదమ్ములది, అక్కచెల్లెళ్లది, మీ భర్త తోబుట్టువులది, వారి పిల్లలది కూడా. నలభై దాటిన వారెవరికైనా నడిస్తే ఛాతీ పట్టేస్తుంటే వారిని అందరికంటే ముందు చూపించండి.