తలకి దెబ్బ తగిలాక మళ్లీ డ్యూటీకి ఎట్టా పంపాలి? చీమకుర్తి నుంచి ఒక నాన్న ప్రశ్న

ప్రశ్న: మాది చీమకుర్తి పక్కన పల్లె. మా అబ్బాయికి 26 ఏళ్లు, మెకానికల్ డిప్లొమా. గ్రానైట్ ఫ్యాక్టరీలో స్టాకు, డిస్పాచ్ చూసేవాడు, జీతం 18 వేలు, ఈఎస్ఐ ఉంది. పొద్దున్నే డ్యూటీకి పోతా బైక్ యాక్సిడెంట్ అయ్యి తలకి ఆపరేషన్ చేశారు. నాలుగో నెల్లో మళ్లీ చేరితే లెక్కలు తారుమారయ్యాయి, లోడింగ్ వాళ్లతో గొడవ పెట్టుకున్నాడు, రెండో వారానికే ఇంటికి పంపించేశారు. ఇప్పుడు తొమ్మిదో నెల. చూడ్డానికి బాగానే ఉన్నాడు. గ్రూప్-2 కోచింగ్‌లో వెయ్యమని కొందరు, వాళ్ల మామ మెడికల్ షాపులో కూర్చోబెట్టమని కొందరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అన్నా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇప్పుడే కోచింగ్ వద్దు, మెడికల్ షాపు అసలే వద్దు. ఆ పాత ఫ్యాక్టరీకే, పాత పనిలోనే ఒక చిన్న ముక్కకి, రోజుకి రెండు గంటలకి పంపించండి, అదీ ఆపరేషన్ చేసిన డాక్టరు సరే అన్నాకే.

ఎందుకంటే తలకి గట్టి దెబ్బ తగిలిన వాళ్లలో చానామందికి పాత సంగతులు, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని మిగిలే ఉంటాయి, పోయేది ఎక్కువగా కొత్తది నేర్చుకునే శక్తి, ఒకేసారి రెండు మూడు విషయాలు మనసులో పెట్టుకోవడం, ఎవరూ చెప్పకుండా పని మొదలుపెట్టడం, కోపం ఆపుకోవడం. గ్రూప్-2 అంటే చరిత్ర, పాలిటీ, ఎకానమీ అన్నీ కొత్తగా బుర్రలోకి ఎక్కించుకోవాలి, అంటే వాడిలో ఏది బాగా దెబ్బతిని ఉండొచ్చో సరిగ్గా దానిమీదే బరువంతా పెట్టినట్టు. ఏడాది కూర్చుని రాకపోతే మీ డబ్బు సంగతి అటుంచండి, వాడు ఇక నేను దేనికీ పనికిరానని తేల్చుకుంటాడు, నాకు దాని భయమే ఎక్కువ. మెడికల్ షాపు కూర్చుని చేసే పని కాబట్టి తేలిక అనుకుంటారు గానీ ఒకేసారి నలుగురు చీటీలు చాపుతారు, మాత్రల పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఒకటి మారితే ఇంకొకరి ప్రాణం మీదకొస్తది.

మీరు రాసిన దాంట్లో నన్ను బాగా పట్టుకున్న మాట 'చూడ్డానికి బాగానే ఉన్నాడు'. కాలు విరిగితే కట్టు కనపడుద్ది, ఇది కనపడదు, అందుకే ఊళ్లో వాళ్లు సోమరితనం అంటారు, ఫ్యాక్టరీలో పొగరు అంటారు. నుదుటి వెనక భాగానికి దెబ్బ తగిలితే తనలో ఏం మారిందో తనకే తెలియకపోవడం కూడా ఉంటుంది, 'నాకేం కాలేదు, వాళ్లే పని చెయ్యనివ్వట్లేదు' అన్నాడంటే అబద్ధం చెప్తున్నట్టు కాదు, నిజంగానే వాడికి అట్టాగే కనపడతా ఉంటుంది. వాదన పెట్టుకోవద్దు. అలుపు కూడా అంతే, పొద్దున ఎనిమిదింటికి హుషారుగా ఉన్నవాడు పదకొండింటికి మాట కూడా సరిగ్గా అందుకోలేకపోతాడు, ఒళ్లు కాదు మెదడు అలిసిపోవడం అది, నిద్ర, విరామం తప్ప దానికి వేరే మందు పెద్దగా లేదు.

ఇప్పుడు మొదటిసారి ఎందుకు చెడిందో చూద్దాం, ఎందుకంటే మన దారి దాంట్లోనే ఉంది. వాడు చేసే పని ఏందో ఒకసారి దగ్గరగా చూడండి. యార్డులో స్లాబ్ దగ్గర నిలబడాలి, టేపు పట్టాలి, పొడవు చూడాలి, వెడల్పు చూడాలి, అంచు పగిలుంటే ఆ మేర తగ్గించాలి, బ్లాక్ నంబరు, స్లాబ్ నంబరు చూసి రిజిస్టర్లో రాయాలి. ఇదంతా పక్కన పాలిషింగ్ మిషన్ హోరులో, ఎండలో, డ్రైవరు బిల్లు బిల్లు అని తొందరపెడతా ఉంటే, జేబులో ఫోను మోగతా ఉంటే. వెడల్పు చదివి పుస్తకం వైపు తల తిప్పేలోపు ఎవరో పిలిచారు, అంకె పోయింది. మళ్లీ కొలవమంటే లోడింగ్ వాళ్లు విసుక్కున్నారు, వీడికి కోపం ఆగలేదు. కొలవడం రాక కాదన్నా ఇదంతా, చప్పుడూ తొందరా మధ్యలో ఆ అంకెని నాలుగు సెకన్లు పట్టుకోలేకపోవడం. అది నాలుగో నెల్లో, ఫుల్ డ్యూటీ ఎనిమిది గంటలు.

అందుకని ముందు ఇంట్లో చూడండి. పొద్దున టిఫిన్ అయ్యాక టేపు ఇచ్చి ఇంటి తలుపులు, కిటికీలు, గచ్చు మీద బండలు కొలిచి నోట్‌బుక్‌లో రాయమనండి, మీరు తర్వాత సరిచూడండి. ఎంతసేపటికి తప్పులు మొదలయ్యాయో టైము రాసుకోండి. ఇంకో రోజు టీవీ పెట్టి అదే పని చేయించండి. మధ్యాహ్నం ఒకసారి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా, వాడికీ చెప్పి, వాడి చేతే రాయించండి, తన తప్పు తనే కాగితం మీద చూసుకుంటే మనం చెప్పేదానికంటే బాగా ఎక్కుద్ది. చదివిన అంకెని పైకి అనడం, రాశాకే టేపు వదలడం, ఒక లైను పూర్తయ్యేదాకా ఎవరు పిలిచినా చెయ్యి ఎత్తి ఆగమనడం, ఈ మూడు అలవాట్లు ఇక్కడే పడాలి. రెండు మూడు వారాల నోట్‌బుక్ ఉంటే ఏ డాక్టరుకైనా ఏ మేనేజరుకైనా చూపించొచ్చు.

ఆ పుస్తకం పట్టుకుని నెల్లూరులో సీఆర్‌సీకి వెళ్లండి, అంటే వికలాంగుల నైపుణ్యం, పునరావాసం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సెంటర్, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద నడుస్తది, ఒంగోలులో రైలెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చు. జ్ఞాపకం, శ్రద్ధ, ఆలోచన వివరంగా పరీక్ష చేయించాలంటే బెంగళూరులో మెదడు, మనసు జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది, దాని రిపోర్టు మీకు కోర్టు పనికి కూడా ఉపయోగపడుద్ది.

ఫిట్స్ సంగతి మీరు రాయలేదు. తల ఆపరేషన్ తర్వాత అవి వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి కట్టర్ దగ్గర, గ్యాంట్రీ క్రేన్ కింద, ఎత్తుల మీద పని, బైక్ తోలడం డాక్టరు రాసి ఇచ్చేదాకా వద్దే వద్దు, ఆటోలోనో మీ బండి వెనకో పోవాలి. మాత్రలు బాగున్నాడు కదా అని మీరు ఆపొద్దు.

ఇక ఫ్యాక్టరీ. రాజీనామా మీద సంతకం పెట్టించుకున్నారా? పెట్టకపోతే పెట్టొద్దు. మేనేజరు దగ్గరికి జాలి కోసం పోవద్దు, పని మాట్లాడడానికి పోండి: 'అయ్యా, పొద్దున రెండు గంటలు, ఆఫీసు గదిలో, ముందురోజు యార్డు షీట్లు కంప్యూటర్లో ఎక్కించే పని ఒక్కటే ఇవ్వండి, ఎవరో ఒకరు చివర్లో సరిచూస్తారు, నెల చూసి చెప్పండి.' అట్టా అడిగితే ఆయనకి పోయేది లేదు. తప్పులు తగ్గితే మూడు గంటలు, తర్వాత చప్పుడు తక్కువున్న టైములో యార్డు, లోడింగ్ వాళ్లతో మాటలు అన్నిటికంటే చివర. ఇంత మెల్లగానా అనిపిస్తది మీకు. తొందరపడితే ఏమైందో మీరు చూశారు.

డ్యూటీకి పోయే దారిలో జరిగింది కాబట్టి ఈఎస్ఐలో దాన్ని పని గాయంగా పరిగణించమని అడగొచ్చు, ఒప్పుకుంటే పనికి పోలేని కాలానికి జీతంలో 90 శాతం దాకా వస్తది, పని చేసి జీతం తీసుకున్న రోజులకి మాత్రం రాదు, అందుకే చేరేముందే బ్రాంచ్ ఆఫీసులో మాట్లాడండి. యాక్సిడెంట్ క్లెయిమ్ కేసు ఇంకా వెయ్యకపోతే ఈ వారమే ఒంగోలులో లాయర్ని కలవండి, ఈఎస్ఐ డబ్బు, క్లెయిమ్ డబ్బు రెండూ తీసుకోవచ్చా అన్నదాంట్లో మెలిక ఉంది, సంతకాలు పెట్టేముందే అడగండి. పనిలో చేరితే కేసు పోద్దని కొందరు భయపెడతారు, కానీ రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పిందేందంటే, వైకల్యం సర్టిఫికెట్లో శాతం ఒక్కటే చూడకూడదు, వాడి సంపాదన శక్తి నిజంగా ఎంత తగ్గిందో చూడాలని. ఆ భయంతో పిల్లోడిని ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం రాసిచ్చేది, అడగండి, సచివాలయంలో స్లాట్ పెడతారు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల లిస్టులో తలకి దెబ్బ అని విడిగా లేదు, దానివల్ల ఏది మిగిలింది, చెయ్యా కాలా, మాటా, మానసికమా, దాన్నిబట్టి ఇస్తారు, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కి అర్హత. అది వచ్చి, రోజుకి నాలుగైదు గంటలు నిలకడగా పని చెయ్యగలుగుతున్నాడు అన్న రోజు గ్రూప్-2 గురించి మళ్లీ రాయండి, అప్పుడు వద్దనను. మొదటి ఆరు నెలల్లో వచ్చేంత వేగంగా మెరుగు తర్వాత ఉండదు గానీ ఏడాది రెండేళ్ల తర్వాత కూడా కోలుకునేవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి, ఫ్యాక్టరీలో వాడికి పాతనించీ తెలిసిన మనిషి ఒకరు ఉండే ఉంటారు, వయసులో పెద్దాయన అయితే మేలు. ఆయన్ని ఒకరోజు ఇంటికి పిలిచి, మీ అబ్బాయి ఎదురుగానే అంతా చెప్పండి: మొహం ఎర్రబడితే, మాట గట్టిపడితే, ఏమీ అనకుండా భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకుపోయి పది నిమిషాలు గమ్మున కూర్చోబెట్టమని. మేనేజరు దగ్గరికి పోయేముందే ఆయన్ని కలవండి.