‘అంద్రొస్’ నిఘంటువులో ఎందుకు దొరకదు?

ప్రాచీన గ్రీకు మాట ‘అంద్రొస్’ కోసం నిఘంటువులో ఎంత వెతికినా దొరకలేదన్నారు కదండీ, దాన్ని ప్రథమా ఏకవచనమైన ‘అనేర్’ కింద చూడండి. మీకు కనిపించింది షష్ఠీ ఏకవచనం. న, ర పక్కపక్కన పడితే నోరు తిరగక మధ్యలో ‘ద’ చేరింది, చిక్కంతా అక్కడే. ద్వితీయ అంద్ర, చతుర్థి అంద్రి. బహువచనంలో అంద్రెస్, అంద్రస్, అంద్రోన్, అంద్రసి. షష్ఠిలో, చతుర్థి ఏకవచనంలో ఊనిక చివరి అక్షరం మీదికి పోతుంది. సంబోధన ‘అనెర్’, హ్రస్వం. ఎ, ఏ తేడా మన లిపిలో ఉంది కాబట్టి నోట్సు తెలుగులోనే రాసుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో అది తేలిగ్గా జారిపోతుంది.

అర్థం పురుషుడు, సందర్భాన్ని బట్టి భర్త. స్త్రీపురుషులిద్దరికీ వర్తించే ‘మనిషి’కి అన్థ్రోపొస్ వేరే ఉంది. మన ‘నరుడు’లోని సంస్కృత ‘నర’ ఈ అనేర్‌కి చుట్టమే.