6 ఆంప్స్ అని రాసి ఉంది కదా, బ్యాటరీ ఎందుకు నిండట్లేదు?

ప్రశ్న: మా చిన్న తెరచాప పడవకి 6 హెచ్‌పీ అవుట్‌బోర్డు మోటారు (పడవ వెనక తగిలించే పెట్రోలు ఇంజిన్) ఉంది. లైట్లకీ, జీపీఎస్‌కీ, ఫోన్లకీ 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంప్స్‌ను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడుతున్నాం. మోటారు మాన్యువల్‌లో ‘ఛార్జింగ్ 12 వోల్టులు, 6 ఆంప్స్’ అని ఉంది. రేవు దాటడానికీ, తిరిగి రావడానికీ కలిపి రోజుకు గంటన్నర మోటారు నడుస్తుంది. అయినా బ్యాటరీ ఎప్పుడూ డౌనే. లోపం మోటారుదా, బ్యాటరీదా?

జవాబు: బహుశా రెండింటిదీ కాదు. పాత స్కూటర్ హెడ్‌లైటు గుర్తుందా? ఎక్స్‌లేటర్ ఇస్తే వెలిగేది, వదిలితే మినుకుమినుకుమనేది. మీ మోటారులోనూ అదే రకం ఏర్పాటు. ఫ్లైవీల్‌లోని, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రంలోని అయస్కాంతాలు కాయిల్ చుట్టూ తిరిగితే కరెంటు పుడుతుంది. మాన్యువల్‌లోని 6 ఆంప్స్ ఫుల్ థ్రాటిల్‌లో, అంటే నిమిషానికి సుమారు 5,000 చుట్లు తిరిగేటప్పటి లెక్క. రేవులో అంత వేగంగా ఎవరు వెళ్తారు? నెమ్మదిగా నడిపితే వచ్చేది ఒకటి రెండు ఆంప్సే. గంటన్నరకి మహా అయితే 3 ఏహెచ్.

సరే, ఫుల్ స్పీడే అనుకుందాం. బ్యాటరీ సగానికి దిగితే 50 ఏహెచ్ పూడ్చాలి. 6 ఆంప్స్ చొప్పున ఎనిమిది గంటలు దాటుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇచ్చినదంతా దాచుకోదు, కొంత వేడిగా పోతుంది. చివర్లో అది కరెంటును మెల్లగానే తీసుకుంటుంది. మొత్తం పది గంటలకు తక్కువ పట్టదు. అంతసేపు పెట్రోలు కాల్చి సంపాదించేది 80 వాట్ల చిల్లర! ఛార్జింగ్ కోసమని న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చేసే ఆలోచన ఉంటే మానుకోండి. లోడు లేకుండా ఇంజిన్‌ను అలా అరిపించడం దానికి మంచిది కాదు.

అందుకే నేనైతే ముందు ఖర్చు తగ్గిస్తాను. రాత్రి లంగరు వేశాక వెలిగే లైటు పాత రకం 10 వాట్ల బల్బు అయితే, పది గంటల్లో 8 ఏహెచ్ తినేస్తుంది. 2 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 2 ఏహెచ్ కూడా అవదు. అంటే ఒక్క బల్బు మారిస్తే మిగిలేది మీ మోటారు రోజంతా ఇచ్చేదానికి రెట్టింపు.

తర్వాత వైరు చూడండి. మోటారు వెనుక, బ్యాటరీ ముందు ఉంటే వైరు పోను రాను కలిపి పది మీటర్లు అవుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే 6 ఆంప్స్ దగ్గర దాదాపు 0.45 వోల్టు దారిలోనే పోతుంది. 14.4 వోల్టులు అందాల్సిన బ్యాటరీకి 14 కూడా అందదు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.2 వోల్టు లోపే. ఫ్యూజు మాత్రం బ్యాటరీ పక్కనే ఉండాలి, మోటారు దగ్గర కాదు. వైరు ఎక్కడైనా షార్టయితే నిప్పు పుట్టించేంత కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచే.

అసలు ఛార్జింగ్ బాధ్యత సోలార్ ప్యానెల్‌కి అప్పగించండి. బాగా ఎండ ఉన్న రోజు 100 వాట్ల ప్యానెల్ సుమారు 25 నుంచి 30 ఏహెచ్ ఇస్తుంది, చప్పుడు లేకుండా. మోటారు నుంచి వచ్చేది కొసరు అనుకోండి.

ప్రశ్న: నా మోటారు నుంచి రెండు ఛార్జింగ్ వైర్లు బయటికి వచ్చాయి. మల్టీమీటర్ పెడితే సున్నా చూపిస్తోంది. కాయిల్ కాలిపోయిందా?

జవాబు: మీటరు డీసీలో పెట్టి ఉంటారు. ఏసీకి మార్చి, మోటారు నడుస్తుండగా మళ్లీ చూడండి. చాలా చిన్న మోటార్లలో కాయిల్ మాత్రమే ఉంటుంది, అది ఇచ్చేది ఏసీ. దాన్ని డీసీగా మార్చే రెక్టిఫైయర్‌ను విడిగా కొనుక్కోవాలి. కొనేటప్పుడు వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ కూడా కలిసి ఉన్నదే తీసుకోండి. ఉత్త రెక్టిఫైయర్ అయితే, బ్యాటరీ నిండాక కూడా వోల్టేజీ పెరుగుతూ 15 దాటొచ్చు. అప్పుడు బ్యాటరీలో నీళ్లు తగ్గిపోతాయి, హైడ్రోజన్ వస్తుంది. మూసేసిన పెట్టెలో అది చాలా ప్రమాదం.

ప్రశ్న: లెడ్ యాసిడ్ తీసేసి లిథియం బ్యాటరీ పెట్టి, అదే వైర్లు కలిపేయొచ్చా?

జవాబు: నేరుగా వద్దు. లిథియం ఎంత కరెంటు ఇస్తే అంతా లాగేసుకుంటుంది, కాయిల్ గంటల తరబడి ఫుల్ లోడులో వేడెక్కుతుంది. ఇంకో చిక్కూ ఉంది. నిండగానే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ టక్కున కట్ చేయొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడం లాంటిదే ఇది. వోల్టేజీ ఒక్కసారి ఎగిరి రెక్టిఫైయర్ పోవచ్చు, అదృష్టం బాగోకపోతే జీపీఎస్ కూడా. మోటారుకు చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీని అలాగే ఉంచి, అక్కడి నుంచి డీసీ-డీసీ ఛార్జర్ (ఒక బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని ఇంకో బ్యాటరీని ఛార్జ్ చేసే పరికరం) ద్వారా లిథియంకి ఇవ్వండి. ఆ ఛార్జర్ తీసుకునే కరెంటును మోటారు ఇచ్చేదానికన్నా తక్కువకు సెట్ చేసుకునే వీలుందో లేదో కొనే ముందే చూసుకోండి. మామూలుగా దొరికే 20, 30 ఆంప్స్ రకాలు మీ 6 ఆంప్స్ మోటారుకి చాలా పెద్దవి.