చిన్న పిస్టల్ కొనేముందు మీ చిటికెన వేలు చూసుకోండి

"బట్టల కింద దాచి పెట్టుకోవడానికి కాంపాక్ట్ పిస్టల్ కొంటున్నాను, ఏ ఫీచర్లు, ఏ స్పెసిఫికేషన్లు చూడాలి?" అని అడిగారు. బ్యారెల్ పొడవు, తూటాల సంఖ్య, బరువు, మందం అన్నీ కంపెనీ కాగితంలోనే ఉంటాయి. అందులో ఉండనిది మీ చిటికెన వేలు. నేను బోల్తా పడింది అక్కడే.

2018లో సిగ్ కంపెనీ పీ365 అనే చిన్న పిస్టల్ వచ్చినప్పుడు అందరికీ పిచ్చెక్కింది. అప్పటిదాకా ఆ సైజులో గ్లాక్ 43 లాంటివి తీసుకుంటే మ్యాగజీన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల డబ్బాలో, ఆరు తూటాలే. ఇది దాదాపు అంతే ఉండి పది పట్టించింది. మ్యాగజీన్ కింది భాగంలో తూటాలు రెండు వరసల్లో సర్దుకుని, పైకి వచ్చేసరికి ఒకే వరస అవుతాయి. బ్యారెల్ 3.1 అంగుళాలు, తూటాలు లేకుండా బరువు అర కిలో. నేను కొన్నది కూడా ఆ తరహాదే. పేరెందుకు, తప్పు దానిది కాదు.

మొదటిసారి రేంజ్‌కి, అంటే కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి, వెళ్లి ఏడు గజాల దూరంలో టార్గెట్ పెట్టాను. పిడి పట్టుకుంటే రెండు వేళ్లే ఆనాయి, చిటికెన వేలు గాల్లో వేలాడుతోంది. కాల్చిన ప్రతిసారీ పిడి వెనుక అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మంలోకి గుచ్చుకుంది. మూడో తూటాకల్లా దెబ్బ తగలకముందే చెయ్యి కుదుపుకి సిద్ధమైపోతోంది, తూటాలన్నీ కిందికి, ఎడమకి పోతున్నాయి. ఐదోది కాల్చాక ట్రిగ్గర్ కదల్లేదు. చూస్తే కాలిన తూటా ఖాళీ డొల్ల బయటికి రాలేక స్లైడ్‌లో (కాల్చిన ప్రతిసారీ వెనక్కి వెళ్లొచ్చే పై భాగం) నిలువుగా ఇరుక్కుని, చిన్న పొగగొట్టంలా నిలబడి ఉంది. తుపాకీ పాడైందని రేంజ్ ఆఫీసర్‌ని పిలిచాను. ఆయన ఆ డొల్ల తీసేసి, తనే మ్యాగజీన్ మొత్తం కాల్చి, "తుపాకీ బాగానే ఉంది, మీ మణికట్టే బాగాలేదు" అన్నాడు.

స్లైడ్ వెనక్కి పూర్తిగా వెళ్లాలంటే కింది భాగం గట్టిగా ఆగి ఉండాలి. పట్టు వదులైతే అదీ వెనక్కి జారుతుంది, స్లైడ్ పోవలసినంత దూరం పోదు. తుపాకీ చిన్నదయ్యేకొద్దీ ఈ తేడాకి చోటు తగ్గుతుంది. పైగా తేలికైన స్లైడ్‌ని ఆపడానికి స్ప్రింగు గట్టిగా పెడతారు, చెమట పట్టిన చేతులతో లాగి చూడండి తెలుస్తుంది!

తర్వాత ఆయన తన గ్లాక్ 19 ఇచ్చాడు. 15 తూటాలు, బ్యారెల్ 102 మిల్లీమీటర్లు, ఖాళీ మ్యాగజీన్‌తో బరువు 670 గ్రాములు. మొదటి మ్యాగజీన్‌కే అన్నీ అరచెయ్యంత చోట పడ్డాయి. అప్పుడనిపించింది, కొనే దగ్గర నాకు "మీవి చిన్న చేతులు, చిన్నదే తీసుకోండి" అన్న సేల్స్‌మన్‌ని తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాలని. కొత్తవాళ్లకి చిన్న పిస్టల్ అంటగట్టడం కన్నా పెద్ద అన్యాయం ఈ రంగంలో లేదు, నా లెక్కలో. అది అనుభవం ఉన్నవాళ్ల తుపాకీ.

తుపాకుల వీడియోలు చేసేవాళ్లతో ఇంకో తంటా. గంటసేపు రెడ్ డాట్ (గురి చూసుకునే ఎర్ర చుక్క) గురించి, లైటు గురించి చెబుతారు, హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే ఒర) గురించి ఒక్క ముక్క ఉండదు. గ్లాక్‌కి పొరపాటున పేలకుండా పక్కన నొక్కే సేఫ్టీ మీట ఉండదు, పీ365లో అది ఉన్న రకమూ లేని రకమూ రెండూ ఉన్నాయి. ఏది కొన్నా ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ తప్పనిసరి. మెత్తటి గుడ్డ సంచిలోనో, తాళంచెవులున్న జేబులోనో వట్టిగా పడేస్తే ఏది ట్రిగ్గర్‌లో దూరుతుందో మీకు తెలియదు.

బరువు కూడా కాగితంలో చూసి మురిసిపోకండి. ఈ పిస్టళ్లలో వాడే 9 ఎంఎం తూటా ఒక్కోటి సుమారు 12 గ్రాములు, నింపాక నడుముకి ఆ తేడా తెలుస్తుంది. కొనకముందే అద్దెకి తీసుకుని కనీసం వంద తూటాలు కాల్చండి. పొడుగు బేస్‌ప్లేట్ (అడుగు మూత) ఉన్న మ్యాగజీన్ పెడితే చిటికెన వేలికి చోటు దొరుకుతుంది, కానీ అప్పుడది చొక్కా మీద పొడుచుకొస్తుంది. దాచడానికి కష్టమయ్యేది బ్యారెల్ కాదు, పిడే.

నా చిన్నది ఇప్పుడు సేఫ్‌లో ఉంది. నడుముకి ఉండేది 15 తూటాలదే. దానికోసం చొక్కాలన్నీ ఒక సైజు పెద్దవి కొనుక్కున్నాను, అంతే.